పురుగుల మేడమ్

ఆటల కోటాలో ఉద్యోగం వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైనవాళ్ల దగ్గర కాఫీ, సలహా రెండూ ఊరికే దొరుకుతాయి కదా, అందుకు వస్తారనుకుంటాను. "ఆట ఆగిపోయాక మీరేం చేశారు మేడమ్?" అని అడుగుతారు. "ఉద్యోగం చేశాను" అంటాను. జోకు వేశాననుకుని నవ్వుతారు. నేను జోకు వేయలేదు. ఆట ఆగిపోయేదాకా నేను జీతం తీసుకున్నాను తప్ప ఉద్యోగం చేయలేదు.

మాది పెద్దమండ్యం దగ్గర పల్లె. వానొస్తే వేరుశనగ, రాకపోతే కూలి. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు నన్ను కబడ్డీ జట్టులోకి తీసుకున్నది నాలో ఏదో చూసి కాదు. ఆ రోజు జట్టులో ఒకమ్మాయికి జ్వరమొచ్చింది, నేను గోడ పక్కన ఖాళీగా నిలబడి ఉన్నాను. కూతకు వెళ్లమన్నారు, వెళ్లాను. అవతలివాళ్లు పట్టుకునేలోపు వచ్చేశాను. మళ్లీ వెళ్లమన్నారు. అలా వెళ్తూ వెళ్తూ జిల్లా జట్టులోకి, ఆపైన రాష్ట్ర జట్టులోకి వెళ్లాను. తొంభైల మొదట్లో మదనపల్లెలో, పట్టుపురుగుల శాఖలో, ఫీల్డు అసిస్టెంటు ఉద్యోగం ఇచ్చారు. అప్పటికి నేను పట్టుపురుగును దగ్గరగా చూడలేదు. ఇంటర్వ్యూలో కూడా ఎవరూ దాని సంగతి ఎత్తలేదు. ఎత్తూ బరువూ అడిగారు.

అప్పటి మా ఆఫీసరుకు కప్పులంటే ప్రాణం. తన గదిలో ఫైళ్ల బీరువా బయట పెట్టించి, ఆ స్థలంలో కప్పుల కోసం అద్దాల బీరువా పెట్టించారు. "పట్టు శాఖకు పట్టు తెలిసిన పిల్లే రావల్ల గదా" అని ప్రతి మీటింగులోనూ అనేవారు. ప్రతిసారీ అందరూ మొదటిసారి విన్నట్టు నవ్వేవారు. నేను కూతకు వెళ్లేదాన్ని, పట్టు పట్టేవాళ్లు వేరే అని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

నా దినచర్య ఇది. పొద్దున ప్రాక్టీసు, తర్వాత ఆఫీసులో సంతకం, తర్వాత టీ. మిగతా ఫీల్డు అసిస్టెంట్లు పల్లెలకు పోయి, రైతుల ఇళ్లలో పురుగులు చూసి, దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చేవాళ్లు. నాకు వాళ్లను చూస్తే జాలిగా ఉండేది. వాళ్లకు నన్ను చూస్తే ఏమనిపించేదో అడగలేదు. మదనపల్లె బజారులో టమాటా మండీ వాళ్ల నుంచి మందుల షాపు అతనిదాకా "కబడ్డీ పాప" అని పిలిచేవాళ్లు. కొత్తవాళ్లు పేరడిగితే నేను కూడా ముందు ఆట చెప్పి తర్వాత పేరు చెప్పేదాన్ని. చాలామంది పేరుదాకా ఆగేవాళ్లు కాదు.

ఉద్యోగుల ఆటల పోటీల్లో, సెమీఫైనల్లో, నా మోకాలు పోయింది. కూతలో ఉండగా ఒకామె చీలమండ పట్టుకుంది. ఇద్దరు పైన పడ్డారు. ఒళ్లు ఒక వైపు తిరిగింది, మోకాలు ఇంకో వైపు తిరిగింది. పడిపోతూ చెయ్యి చాపి గీత అందుకున్నాను. పాయింటు జట్టుకు వచ్చింది. మోకాలు నాకు మిగిలింది.

మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరమ్మ తక్కువ మాట్లాడే మనిషి. "నడుస్తావు. మెట్లెక్కుతావు. బండి నడుపుతావు. ఆడవు" అంది. నేను మళ్లీ అడిగాను. మళ్లీ అదే వరుసలో చెప్పింది. మా వార్డు నర్సమ్మ దైవభక్తురాలు. మరుసటి రోజు కట్టు మారుస్తూ, "నీకోసం ప్రార్థన చేసినా మా" అంది.

"మళ్లీ ఆడాలనా సిస్టర్?"

"లేదు మా. మోకాలు గురించి అడిగినా. కబడ్డీ గురించి అడగలేదు. దేవుణ్ణి ఒకేసారి అన్నీ అడిగితే బాగుండదు."

మొదటి వారం ఆఫీసంతా వచ్చింది. ఆఫీసరు ఆపిల్ పండ్లు తెచ్చారు. రెండో వారం జట్టువాళ్లు వచ్చారు. తర్వాత మా అమ్మ ఒక్కతే ఉండేది. నాకు నొప్పి పెద్ద బాధ కాదు, అది అలవాటే. బాధ పొద్దున లేవగానే మొదలయ్యేది. కళ్లు తెరవగానే ఈ రోజు ప్రాక్టీసుందా లేదా అని ఆలోచించడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. లేదని గుర్తొచ్చాక, దాని తర్వాత ఆలోచించడానికి ఇంకేమీ ఉండేది కాదు. నేనంటే కాళ్లూ ఊపిరీ అనుకున్నాను. అందులో సగం పోయింది. మిగిలిన సగంతో ఏం చేయాలో తెలియలేదు.

మా అమ్మతో ఆ మాటే అన్నాను. "నేనిప్పుడు దేనికీ పనికిరాను మా" అన్నాను.

ఆమె గ్లాసు కడుగుతూ, "ముందు మాత్రం ఇంట్లో దేనికి పనికొచ్చినావు?" అంది. ఓదార్చాననే అనుకుంది.

కర్రతో ఆఫీసుకు వెళ్లేసరికి పాత ఆఫీసరు బదిలీ అయిపోయారు. కొత్తాయన అద్దాల బీరువాను వరండాలో పెట్టించి ఫైళ్ల బీరువాను లోపలికి తెప్పించుకున్నారు. నన్ను పిలిచి కూర్చోమన్నారు.

"నీకేం వచ్చు?" అని అడిగారు.

"కబడ్డీ సార్."

ఆయన చెడ్డవాడు కాదు. ఎగతాళీ చేయలేదు. ఇంకేమైనా చెబుతానేమోనని ఆగారు. చెప్పడానికి ఏమీ లేదు. "ఆట అయిపోతే కోటా కూడా అయిపోయినట్టు కాదమ్మా, జీతం వస్తానే ఉంటాది. దానికి తగ్గట్టు ఏదన్నా నేర్చుకోవల్ల" అన్నారు. ఆ నెలలోనే నన్ను పుంగనూరుకు వేశారు.

పుంగనూరు సెక్షన్లో నాకు పైన ఒక పెద్దాయన ఉండేవారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. పట్టుపురుగుల గురించి ఆయనకు తెలిసినంత చుట్టుపక్కల ఎవరికీ తెలియదని అందరూ అనేవారు. ఆయనకున్న ఇబ్బంది ఒకటే, బీడీ. పట్టుపురుగులకు పొగాకు వాసన పడదు. బీడీ తాగే మనిషిని పురుగుల గదిలోకి ఏ రైతూ రానివ్వడు. ఆయన ఉద్యోగమేమో పురుగులు చూసి సలహా చెప్పడం. మానేయమని ఇంట్లో చెప్పారు, ఆఫీసులో చెప్పారు. ఆయన బీడీ మానలేదు, ఉద్యోగమూ మానలేదు. ఇన్నేళ్లుగా గడప బయట నిలబడే సలహాలు చెబుతూ వచ్చారు.

నన్ను చూసి ఆయన సంతోషించారు. నాలో సంతోషించడానికి ఏమున్నదో నాకు అర్థం కాలేదు.

"నువ్వు బీడీ తాగుతావా మా?" అన్నారు.

"లేదు సార్."

"పౌడరు, సెంటు?"

"లేదు సార్."

"అయితే సాలు. రా."

మొదటిసారి ఒక రైతు ఇంటికి తీసుకెళ్లారు. ఆయన అరుగు మీద కూర్చున్నారు. నేను చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాను. వెదురు తట్టల నిండా పురుగులు, పైన ఆకు. వాన పడుతున్నట్టు చప్పుడు. అవి ఆకు తినే చప్పుడది. బయటికి వచ్చాను.

"ఏముండాది లోపల?" అన్నారు.

"పురుగులున్నాయి సార్."

"పురుగులుండాయని నాకూ తెలుసు మా. ఆవులుంటాయని మనం రాలేదు. ఎట్ల ఉండాయి?"

"బాగున్నాయి సార్."

"మళ్లా పో."

మళ్లీ వెళ్లాను. ఈసారి వచ్చి తెల్లగా ఉన్నాయని చెప్పాను. మళ్లీ పంపారు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి అని చెప్పాను. చిన్నవి తట్ట మధ్యలో ఉండాయా, అంచుల్లోనా అని అడిగారు. చూడలేదు. మళ్లీ వెళ్లాను. ఆ ఇంటి గడప అన్నిసార్లు దాటడానికి నా మోకాలికి చాలా కష్టమైంది. ఆయనకు అది తెలుసు. అయినా పంపారు. చివరికి, అంచుల్లో ఆకు సరిగా పడడం లేదు, అందుకే అక్కడివి ఎదగలేదని నేనే చెప్పాను. ఆయన రైతు వైపు తిరిగి, "ఇన్నావు కదప్పా, మేడమ్ చెప్పింది" అన్నారు.

నన్ను ఎవరైనా మేడమ్ అనడం అదే మొదటిసారి.

పురుగు తన బతుకులో నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. అప్పుడు తల పైకెత్తి, తినకుండా, కదలకుండా ఉంటుంది. మా రైతులు దాన్ని జ్వరం అంటారు. ఒకసారి ఒకామె పురుగులన్నీ అలా ఉంటే నేను కంగారుపడి, చచ్చిపోతున్నాయి సార్ అని కేక వేశాను. ఇంటామె నన్నూ, అరుగు మీదున్న ఆయన్నూ మార్చి మార్చి చూసింది. "గమ్మునుండు మా, అవి జ్వరంలో ఉండాయి. లేసినాక మళ్లా తింటాయి" అన్నారు ఆయన. తిరిగి వస్తుంటే దారిలో నేను, నా మోకాలూ అలాంటిదేనేమో సార్ అన్నాను. ఏదో గొప్ప మాట అన్నాననుకున్నాను. ఆయన బీడీ వెలిగించుకుని, "పురుగు నాలుగుసార్లూ లేస్తాది మా. మోకాలు లేయదు. పో, బస్సొస్తాండాది" అన్నారు.

అలా పుంగనూరు చుట్టుపక్కల ఇళ్లన్నీ తిరిగాను. ఆయన బయట, నేను లోపల. నేను చూసి చెప్పడం, ఆయన విని చెప్పడం. కొన్నాళ్లకు ఆయన అడగబోయేది ముందే చూసుకుని బయటికి వచ్చేదాన్ని. ఇంకొన్నాళ్లకు ఆయన ఏం చెబుతారో కూడా తెలిసేది. అయినా చెప్పేదాన్ని కాదు. ఆయన చెప్పాలి కదా.

ఆయన రిటైరైన ఏడాదే నన్ను కుప్పానికి మార్చారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. మదనపల్లె నుంచి వెళ్తే పుంగనూరు దాటాక కూడా చాలాసేపు ప్రయాణం. దిగేసరికి అటు కన్నడం, ఇటు తమిళం, మధ్యలో మన తెలుగు రెండింటినీ కలుపుకుని వినబడుతుంది. నాకు ఒక మోపెడ్ ఇచ్చారు, కొన్ని పల్లెలు ఇచ్చారు. కర్ర అప్పటికే వదిలేశాను. కుంటు మిగిలింది. ఆ పల్లెల్లో నా గురించి ఎవరికీ ఏమీ తెలియదు. "పురుగుల మేడమ్" అనేవాళ్లు. మొదట్లో అది వినడానికి నాకు కొంచెం కష్టంగా ఉండేది. తర్వాత బాగా అలవాటైపోయి, ఒకసారి బ్యాంకులో పేరడిగితే అదే చెప్పబోయాను.

ఇక ఆ రోజు సంగతి.

వేసవి మొదలైంది. ఒక పల్లెలో నాలుగిళ్లలో పురుగులు చివరి దశలో ఉన్నాయి. ఆ దశలో పురుగు తినే ఆకు అంతా ఇంతా కాదు. కొద్ది రోజులు కడుపు నిండా తింటే పండి, గూడు కడుతుంది. ఆ కొద్ది రోజులు ఆకు లేకపోతే అంతవరకు పడిన కష్టమంతా మట్టే. పొద్దున్నే ఆఫీసుకు ఫోను వచ్చింది. ఆ నాలుగిళ్లలో ఒక ఇంటామె, భర్త పోయాక కొడుకూ కోడలితో కలిసి పురుగులు పెంచుతున్న మనిషి, ఎస్టీడీ బూతు నుంచి చేసింది.

"మేడమ్, పురుగులు కక్కుతాండాయి" అంది. ఇంకేమీ అనలేదు. ఫోను పెట్టేసింది.

మోపెడ్ మీద వెళ్లాను. చేతులు కడుక్కుని లోపలికి పోయాను. గోడ పక్కనున్న ఒక వరుస తట్టల్లో పురుగులు తలలు విదిలిస్తూ, పచ్చటి నీళ్లు కక్కుకుంటూ, ముడుచుకుపోతున్నాయి. మిగతా వరుసలు బాగానే ఉన్నాయి. పొద్దున కోసిన ఆకు ఆ ఒక్క వరుసకే వేశారు. అంతలో బోరు నీళ్లు వచ్చాయని కోడలు బిందె తీసుకుని పోయింది. ఆ నీళ్లే మిగతావాటిని కాపాడాయి.

ఆకు వాసన చూశాను. నాకు తెలిసిపోయింది. అరుగు వైపు చూశాను, అలవాటు కొద్దీ. అక్కడ ఎవరూ లేరు.

"పక్క చేలో నిన్న మందు కొట్టినారా?" అన్నాను.

కొట్టారు. వాళ్ల మల్బరీ తోటకు గట్టు అవతలే టమాటా చేను. దాని యజమాని ఈమె భర్తకు తమ్ముడి వరస. నిన్న సాయంకాలం ఆయన టమాటాకు మందు కొట్టాడు, గాలి ఇటు వీచింది. ఆ గట్టు పొడుగునే మిగతా మూడిళ్లవాళ్ల తోటలు కూడా ఉన్నాయి. కోడలిని పరుగున పంపి, ఎవరూ ఆకు వేయొద్దని చెప్పించాను. వాళ్లు అప్పుడే కోసుకుని ఇళ్లకు వస్తున్నారట. మొత్తం నాలుగిళ్ల పురుగులకు ఆకు లేదు. మందు పడిన ఆకును ఇంకో రెండు వారాలైనా ముట్టకూడదు. పురుగులు అన్ని రోజులు ఆగవు. పూట కూడా ఆగవు.

ముందు కక్కుతున్న వరుసను తీయించి, దూరంగా గుంత తవ్వి పూడ్చమన్నాను. ఆ ఇంటామె తట్ట పట్టుకుని గుంత దాకా వచ్చి, వంపకుండా నిలబడిపోయింది.

"కొన్ని బతుకుతాయేమో మేడమ్" అంది.

"బతకవు మా."

"నిన్న బాగుండాయి."

"నిన్న బాగుండాయి" అన్నాను నేను కూడా. ఆమె వంపింది. చప్పుడు చేయకుండా ఏడ్చింది.

అంతలో గట్టు మీద అరుపులు. ఆమె కొడుకు కట్టె పట్టుకుని పోయాడు. టమాటాల మనిషి అవతలి వైపు పార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నా చేనుకు నేను మందు కొట్టుకుంటే మీకేంరా?"

"ఒక మాట చెప్పి కొడితే నీ సొమ్మేం పోతాది?"

"చెప్పల్నా? నీయమ్మ నాకు చెప్పి పెంచుతాండాదా పురుగుల్ని?"

నేను గట్టెక్కడానికి కాస్త టైము పట్టింది. ఎక్కి ఇద్దరి మధ్యా నిలబడ్డాను. కట్టె ఎత్తినవాడు దించకుండా, పార పట్టినవాడు వదలకుండా నన్ను చూస్తున్నారు.

"గొడవ రేపు పెట్టుకోండప్పా" అన్నాను. "రేపైతే నేను కూడా వచ్చి కూర్చుంటా. ఈ పొద్దు తీరిక లేదు."

కొడుకు కట్టె దించాడు. నేను టమాటాల మనిషి వైపు తిరిగాను.

"అప్పా, నీ టెంపో యాడ ఉండాది?"

"యాల? దేనికి?"

"ఆకు తెచ్చుకోవల్ల."

"దానికి నేను యాల రావల్ల?"

నువ్వు చేసిన పనికే కదా అనేమాట నోటిదాకా వచ్చింది. అంటే ఆయన రాడు. పైగా పార కూడా దించడు.

"ఊళ్లో టెంపో నీకొక్కడికే ఉండాది కాబట్టి" అన్నాను.

ఆయన కొంతసేపు ఆలోచించాడు. అందులో ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. "డీజిల్ తక్కువుండాది" అన్నాడు. పారను గట్టుకు ఆనించాడు.

ఎక్కడ ఆకుందో నేనెవరినీ అడగలేదు. ఏ పల్లెలో ఎవరింట్లో పురుగులు ఏ దశలో ఉన్నాయో, ఎవరికి పంట పోయిందో, ఎవరు ఈసారి గుడ్లే తెచ్చుకోలేదో నాకు తెలుసు. రోజూ కుంటుకుంటూ ఇంటింటికీ తిరిగే మనిషికి అది తెలియకుండా ఎట్లా ఉంటుంది? అంతవరకు అదొక విద్య అని నాకు తోచలేదు. పక్కూళ్లో ఒక ముసలాయన మనవరాలి పెళ్లని ఆ పంట వదిలేశాడు. తోటంతా నిలువెత్తు ఆకు.

టిఫిన్ డబ్బాలో కొన్ని పురుగులు వేసుకుని టెంపో ఎక్కాను. ముసలాయన ఇంటి ముందు దిగి సంగతి చెప్పాను. ఎవరికి కావాలి అన్నాడు. చెప్పాను.

"వాళ్లకా? ఇయ్యను."

నాకు ఫోను చేసినామె భర్త బతికుండగా ఈయనతో బండిదారి విషయంలో గొడవపడ్డాడట. ఆయన చనిపోయి ఏళ్లు గడిచాయి. దారి కూడా ఇప్పుడు లేదు. గొడవ మాత్రం ఉంది.

నా మోకాలు ఇంక నిలబడనంది. ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాను. కాసిని నీళ్లు ఇప్పించమన్నాను. ఆయన భార్య తెచ్చింది. కన్ను ఆపరేషన్ అయిన మనిషి. "ఇప్పుడు సూపు ఎట్ల ఉండాది మా?" అని అడిగాను. "నీ మొగం కనిపిస్తాండాది" అంది. మనవరాలు అత్తగారింట్లో ఎట్లా ఉందో అడిగాను. అది అడగడానికి రాలేదు గానీ, ఆ ఇంటికి వచ్చి అడగకుండా ఎప్పుడూ పోలేదు. టెంపోలో టమాటాల మనిషి హారన్ కొడుతున్నాడు. నేను లేవలేదు. నిజానికి లేవలేను.

ముసలాయన తోట వైపు తిరిగాడు.

"పోయిన పంటలో మా పురుగులు జ్వరంలో ఉండంగా వానలో కూడా వచ్చినావు కదా నువ్వు" అన్నాడు.

"వచ్చినా."

"కాలు ఈడ్చుకుంటా వచ్చినావు."

"అది ఎప్పుడూ అట్లనే వస్తాది."

ఆయన లేచి కొడవలి తీసుకున్నాడు. "వాళ్లకు ఇయ్యలేదు, ఇను. నీ మొగం సూసి ఇస్తాండా. కొమ్మలు సగానికి కోయండి. మొద్దు తాకితే ఊరుకోను."

ముందు నాలుగు ఆకులు తెచ్చి డబ్బాలో పురుగుల మీద వేశాను. ఆ ఆకు వాటికి పడుతుందో లేదో చూడాలి. ముసలాయన, ఆయన భార్య, టమాటాల మనిషి, ఇందాక కట్టె ఎత్తి, మా వెంటే టెంపోలో వచ్చిన కొడుకు, దారిన పోయేవాళ్లు ఇద్దరు, అందరూ ఆ డబ్బా చుట్టూ వంగి చూస్తున్నారు. నేను రాష్ట్ర జట్టుకు ఆడినప్పుడు కూడా జనం ఇంత శ్రద్ధగా చూడలేదు. ఒక పురుగు తల ఎత్తింది, ఆకు అంచు పట్టుకుంది, కొరికింది. చాలాసేపు ఆగాం. కక్కలేదు. "తింటాండాది" అన్నాడు టమాటాల మనిషి, అందరికంటే ముందు.

ఆ పూట ఆకు ఆ టెంపోలో వెళ్లింది. తడి గోనెసంచులు కప్పుకుని, ఎండకు వాడిపోకుండా. టమాటాల మనిషి ఎన్ని తిరుగుళ్లు తిరిగాడో లెక్క పెట్టలేదు. మధ్యాహ్నం తర్వాత ఎవరూ చెప్పకుండానే తిరిగాడు. మరుసటి రోజు ఇంకో రెండు తోటలు కుదిర్చాను. అక్కడ కూడా మెట్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. ఆ మొదటి రోజు రాత్రి ఇంటికి వెళ్లి చెప్పులు విడుస్తుంటే మోకాలు పనసకాయంత వాచి కనిపించింది. అది చూసి నేను భయపడలేదు. ముసలాయన మెట్టు దిగినప్పటి నుంచి దాన్ని మరిచిపోయి ఉన్నానని మాత్రం ఆశ్చర్యపడ్డాను. ఎన్నో ఏళ్లలో ఒక పూటంతా దాన్ని మరవడం అదే మొదలు.

పురుగులు పండాయి. పండిన పురుగులను ఏరి, వెదురు చంద్రికల మీదకు, అంటే అవి గూళ్లు కట్టుకునే తడికల మీదకు, ఎక్కించాలి. నాలుగిళ్లలోనూ ఒకేసారి పండేసరికి చేతులు చాల్లేదు. టమాటాల మనిషి భార్య వచ్చి, నాకు ఫోను చేసినామె పక్కన కూర్చుని ఏరింది. వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు, ఏరుకున్నారు. గూళ్లు బాగా వచ్చాయి. అన్నీ అని చెప్పను. ఒక్క వరుస మట్టిలో పోయింది, ఆకు ఆలస్యమైన ఒకింట్లో గూళ్లు పలచబడ్డాయి. గొడవ మర్నాడు పెట్టుకుంటారేమోనని నేను మాట ప్రకారం వెళ్లి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆ తర్వాత టమాటాల మనిషి మందు కొట్టే ముందు ఒకసారి చెప్పాడు. ఇంకోసారి మరిచిపోయాడు. మనుషులంటే అంతే.

గూళ్లు వచ్చిన ఆ ఆదివారం నేను మదనపల్లె బస్సెక్కాను. రిటైరయ్యాక అక్కడే ఉంటున్న పెద్దాయన ఇంటికి వెళ్లి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన అరుగు మీదే కూర్చుని, బీడీ తాగుతూ విన్నారు. అయిపోయాక, "కొత్త ఆకు వేసే ముందర తట్టలో పాత ఆకు తీసేయించినావా?" అన్నారు.

"తీసేయించాను సార్."

"ఊ" అన్నారు.

ఆ 'ఊ' కోసమే అంత దూరం వచ్చానని అప్పుడు అర్థమైంది. కప్పులు తీసుకున్నప్పుడు జనం చప్పట్లు కొట్టేవాళ్లు, ఈలలు వేసేవాళ్లు. అవన్నీ ఆ సాయంత్రంతో అయిపోయేవి, మరుసటి వారం మళ్లీ గెలవాలి. ఈ 'ఊ' తర్వాత ఏమీ గెలవనక్కర్లేదు. తిరుగు బస్సులో సీటు దొరక్క నిలబడి వచ్చాను. అయినా బాగానే అనిపించింది.

అలా అడిగే పిల్లలతో నేను ఆటను తక్కువ చేసి మాట్లాడను. అది నాకు అన్నం పెట్టింది. పడి లేవడం నేర్పింది అని కూడా అనేదాన్ని గానీ, నేను పడ్డాక లేపింది ఆట కాదు, ఒక బీడీల పెద్దాయన. కాబట్టి ఆ మాట అనను. ఆడేటప్పుడు బాగా ఆడండి అంటాను. కానీ ఎవరైనా నీకేం వచ్చు అని అడిగితే, రెండో జవాబు ఒకటి దగ్గర పెట్టుకోండి. అది ఎంత చిన్నదైనా ఫర్వాలేదు.

ఆ పల్లెల్లో నేను చాలా ఏళ్లు పనిచేశాను. ఒక ఏడాది తిరునాళ్లప్పుడు అక్కడి కుర్రాళ్లు చేను చదును చేసి కబడ్డీ పోటీలు పెట్టారు. నేను పురుగులు చూసి వస్తుంటే, ఆ రోజు పురుగులు పూడ్చుకున్న ఇంటామె నన్ను ఆపింది. "రా మేడమ్, కొంచేపు సూసి పోదువు" అని గట్టు మీద తుండు పరిచింది. కూర్చున్నాం. మట్టి లేస్తోంది, కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

"ఇదేం ఆట మేడమ్, యాల అట్ల పడతారు?" అంది.

చెప్పాను. కూతకు వెళ్లినవాడు ఊపిరి తిప్పకూడదని, తాకి గీతకు రావాలని, వాళ్లు రానివ్వకూడదని. ఆమె వింటూ వింటూ నా వైపు తిరిగింది.

"నీకివన్నీ ఎట్ల తెలుసు?"

"నేను ఆడేదాన్ని మా."

"నువ్వా?" నా మోకాలు వైపు చూసింది. "ఎప్పుడు?"

"ముందు."

"మాకు ఎప్పుడూ చెప్పనేలేదే!"

అప్పుడు ఆలోచించాను. నిజమే, చెప్పలేదు. దాచిపెట్టాలనుకోలేదు, సిగ్గుపడీ కాదు. ఇన్నేళ్లలో ఆ మాట చెప్పాల్సిన అవసరం రాలేదు, అంతే.

"గెలిచేదానివా?" అని అడిగింది.

"గెలిచేదాన్ని."

"మంచిదే" అంది ఆమె, మర్యాదకు. ఆ వెంటనే, "మా పురుగులు రేపు జ్వరం లేస్తాయి. పొద్దున్నే వస్తావు కదా?" అంది.

"వస్తా మా" అన్నాను.

ఆమె వంట పనుందని లేచి వెళ్లింది. నేను ఇంకా కాసేపు కూర్చున్నాను. ఒక కుర్రాడు కూతకు వెళ్లాడు. వాడి ఎడమ కాలు ఆలస్యంగా కదులుతోంది, ఎవరైనా చెబితే బాగుండును అనుకున్నాను. కాలు చాచుకుని, ఆట అయిపోయేదాకా చూశాను. అంతకుముందు కబడ్డీ ఆడడమే గానీ, అలా కూర్చుని చూడడం నాకు ఎప్పుడూ కుదరలేదు. చాలా బాగుంటుంది.

ఎవరు గెలిచారో అడగకుండానే మోపెడ్ ఎక్కాను.